కల్పలత కాళ్ళకు గేటర్లు

కల్పలత కాళ్ళు సన్నవి. నాజూకు అని ఎవరైనా మెచ్చుకునే సన్నం కాదు, ఏ ప్యాంటు వేసుకున్నా కాలు ఒక మూల, గుడ్డ ఒక మూల ఉండేంత సన్నం. బడిలో ఆమెను కొంగ అన్నారు. కాలేజీలో అగరుబత్తి అన్నారు. ఇప్పుడు నలభై ఏడేళ్ళు, ఎవరూ ఏమీ అనరు. వెక్కిరించడానికైనా పక్కన ఒక మనిషి ఉండాలి కదా.

ఆమె ఉద్యోగం నెత్తురు తీయడం. సికింద్రాబాదులో ప్యాట్నీ దగ్గర ఒక పరీక్షల ల్యాబులో, పరగడుపున వచ్చి వరసగా కూర్చున్నవాళ్ళ చేతుల్లో నరం వెతికి సూది గుచ్చుతుంది. చెయ్యి తేలిక అని పేరు. ఎంత మొండి నరమైనా ఆమెకు లొంగుతుంది.

కాప్రాలో ఒక మేడ మీద రెండు గదుల్లో ఉంటుంది. మూడేళ్ళ కిందటి దాకా అక్క భవాని తోడుండేది. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగిన చుట్టాలు, అడిగి అడిగి విసుగు పుట్టి రావడమే మానుకున్నారు. భవాని గుండెజబ్బుతో పోయింది. ఆ తర్వాత వారంలో ఆరు రోజులు ల్యాబు కల్పలతను నడిపించుకుపోయేది. ఏడో రోజే గండం. ఒక సోమవారం ఉదయం మొదట వచ్చిన మనిషితో "పిడికిలి బిగించండి" అని చెప్పబోతే గొంతు పెగల్లేదు. జలుబు చేసిందేమో అనుకుంది. తీరా ఆలోచిస్తే, శనివారం సాయంత్రం బస్సు కండక్టరుతో "కాప్రా" అని చెప్పాక ఆమె మళ్ళీ నోరు తెరవలేదు. తెరవాల్సిన పని పడలేదు. ఆ సంగతి తెలిశాక ఆమెకు నిజంగా భయం వేసింది.

ఆ భయమే ఆమెను 'గుట్టల దోస్తులు'లో చేర్పించింది. అది సైనిక్‌పురి నుంచి ప్రతి ఆదివారం చిన్న బస్సు కట్టించుకుని, ఊరి చుట్టుపక్కల గుట్టలెక్కి దిగే ఇరవై మంది జట్టు. దానికి పెద్ద విష్ణువర్ధన్, మిలిటరీలో చేసి రిటైరైన మనిషి. నడక కూడా కవాతులాగే ఉండాలంటాడు. అందరూ ఒకరి వెనక ఒకరు నడవాలి. ముందు ఆయన, వెనక 'లాస్ట్ మ్యాన్'. ఆ ఆఖరి మనిషి వెనక ఇంకెవరూ ఉండకూడదు. ఎవరు ఆగినా ఆయన కూడా ఆగాలి.

ఆ ఆఖరి మనిషి రాఘవేందర్. ముప్పై నాలుగేళ్ళు గూడ్సు బండికి గార్డుగా చేశాడు. రైలు చివరి పెట్టె వెనక ఎల్వీ, అంటే లాస్ట్ వెహికల్, అని రాసిన పలక ఒకటి వేలాడుతుంది. ఆ పలక కనిపిస్తేనే బండి మొత్తం వచ్చింది, మధ్యలో ఏ పెట్టే తెగిపోలేదు అని స్టేషన్ మాస్టరు నమ్ముతాడు. సికింద్రాబాదు రైల్వే ఊరు కదా, జట్టులో సగం మందికి ఈ భాష తెలుసు. అందుకే ఆయనను అందరూ ముద్దుగా ఎల్వీ సార్ అనేవారు. ఎల్వీ సార్ వచ్చాడంటే ఇక తలలు లెక్కపెట్టుకోవాల్సిన పనే లేదు.

మొదట్లో కల్పలతకు ఈ జట్టు వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. అందరూ జంటలుగానో, స్నేహితులుగానో వచ్చినవాళ్ళు. "గుడ్ మార్నింగ్" అంటారు, నవ్వుతారు, మళ్ళీ వాళ్ళ మాటల్లో వాళ్ళు పడిపోతారు. వానలు పడి గుట్టల మీద గడ్డి మోకాళ్ళ దాకా పెరిగాక, ఒక ఆదివారం దారి మీద రక్తపింజరి కనిపించింది. దాంతో విష్ణువర్ధన్ కొత్త చట్టం తెచ్చాడు. వచ్చే వారం నుంచి గేటర్లు లేనిదే ఎవరూ బస్సు దిగకూడదు.

గేటర్లంటే మోకాలి కింద నుంచి బూటు దాకా ప్యాంటు మీద చుట్టుకునే మందపాటి తొడుగులు. ముళ్ళూ, పల్లేరుకాయలూ, పురుగూ పుట్రా కాలిని ముట్టకుండా కాపాడతాయి. అందరూ ఫోన్లో ఒకే రకం తెప్పించుకున్నారు, 'ఫ్రీ సైజు' అని. ఈ లోకంలో ఫ్రీ సైజు అన్న మాటను మించిన అబద్ధం లేదు. కల్పలత పిక్క చుట్టుకొలత పదిన్నర అంగుళాలు. ఆ తొడుగును ఎంత బిగించినా పద్నాలుగుకు తగ్గదు. బస్సు దిగి యాభై అడుగులు వేసేసరికి రెండూ జారి, చీలమండల దగ్గర కుప్పగా కూలబడ్డాయి. ఆమె వంగి పైకి లాక్కుంది. ఇంకో యాభై అడుగులకు మళ్ళీ జారాయి. వెనకవాళ్ళు ఆమెను దాటుకుని పోయారు. అలా ఆమె వరసలో చిట్టచివరికి చేరింది. అక్కడ రాఘవేందర్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నిమ్మళంగ కట్టుకోండ్రి మేడం. బండి ఎటు పోదు," అన్నాడు. ఆమె వంగి కట్టుకుంటుండగా అడిగాడు, "ఎక్కడుంటరు మీరు?"

"కాప్రాల సార్."

"అరే, గట్లనా! ఏం చేస్తరు?"

"ల్యాబుల బ్లడ్ తీస్త సార్."

"అబ్బో! పొద్దుగాల ఏం తిని వచ్చిన్రు మరి?"

ఆ ప్రశ్న విని కల్పలత చేతిలో పట్టీ అలాగే ఉండిపోయింది. పొద్దున ఏం తిన్నావని ఆమెను అడిగిన మనిషి భవాని తర్వాత ఇతనే. ఏమీ తినలేదు. కానీ "ఉప్మా" అని అబద్ధం చెప్పింది. ఆ రోజు గుట్ట దిగేలోపు గేటర్లు పదహారు సార్లు జారాయి. పదహారు సార్లూ రాఘవేందర్ ఆగాడు, ఏదో ఒకటి అడిగాడు. ఆమె ఇంటికి వచ్చి పడుకుంటే నవ్వు వచ్చింది. గొంతు నొప్పిగా కూడా ఉంది, అంత మాట్లాడింది మరి.

తర్వాతి ఆదివారం ఆమె చీకటితోనే లేచి సర్వపిండి చేసుకుంది. ఎవరి కోసం చేసింది? ఎవరి కోసమూ కాదు. "ఏం తిన్నరు" అని అడిగితే చెప్పడానికి ఒక మంచి జవాబు ఉండాలని చేసింది. ఆయన అడిగాడు. ఆమె సర్వపిండి అని చెప్పింది. "అరే, గట్లనా!" అన్నాడాయన. ఆ రెండు ముక్కలతో కల్పలతకు వారమంతా గడిచింది. ఇది ప్రేమా దోమా అని ఎవరూ ఊహించుకోనక్కర్లేదు. ఆయనకు అరవై ఆరేళ్ళు, ఆమెకు అలాంటి ఆలోచనే లేదు. తను చెప్పేది వినే మనిషి ఒకడు దొరికాడు, అంతే.

మూడో ఆదివారం జారిన గేటరు మీద కాలేసి పడబోయి, రేగుకంపను పట్టుకుంది. అరచెయ్యి, పిక్క రెండూ చీరుకుపోయి నెత్తురొచ్చింది. విష్ణువర్ధన్ ముందు నుంచి వెనక్కి నడిచి వచ్చి చూశాడు.

"కల్పలత గారూ, కోపం తెచ్చుకోకండి. వచ్చే ఆదివారం కూడా ఇవి ఇట్లా జారితే మీరు బస్సులోనే కూర్చోవాలి. పాముకు మీ కాళ్ళు సన్నమని తెలియదు కదా."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. బస్సులో కూర్చోవడమంటే ఏమిటో వాళ్ళకేం తెలుసు? ఇంట్లో ఆదివారానికీ బస్సులో ఆదివారానికీ తేడా డ్రైవరు గురక ఒక్కటే.

ఆ వారమంతా ఆమె తన కాళ్ళతో యుద్ధం చేసింది. రబ్బరు బ్యాండ్లు వేస్తే పాదాలు తిమ్మిరెక్కాయి. పిన్నీసులు పెడితే గుడ్డ చిరిగింది. మూడు జతల సాక్సులు తొడిగితే బూట్లు పట్టలేదు. చిన్నపిల్లల సైజు తెప్పిస్తే చుట్టుకొలత సరిపోయింది కానీ పొడవు పిక్క సగానికే వచ్చింది. ల్యాబులో టీ తాగుతూ, ఈ గోడంతా చెప్పకుండా అటెండరు కిషన్‌ను ఒక్క మాట అడిగింది.

"గేటర్లు మంచిగ వేసేటోళ్ళు ఎక్కడుంటరు కిషన్?"

"గంత పరేషాన్ ఎందుకు మేడం? రాణిగంజ్ల దస్తగిరి భాయ్ వేస్తడు. గాయన గేటరు వేస్తే ఇగ కదలది," అన్నాడు కిషన్. రాంగోపాల్‌పేట్ దాటాక ఏ సందులో తిరగాలో కూడా చెప్పాడు.

శుక్రవారం డ్యూటీ దిగి ఆమె వెళ్ళింది. సందు నిండా టైర్లు. దుకాణం ముందు ఒక పెద్దాయన నేల మీద కూర్చుని లారీ టైరును రుద్దుతున్నాడు. ఆయనే దస్తగిరి.

"గేటర్లు కావాలె," అంది కల్పలత.

"ముందలిదా, ఎన్కదా?"

ఆమెకు అర్థం కాలేదు. "రెండిటికి," అంది.

"రెండూ కోసుకపోయినయా? యా అల్లా! ఎక్కడ నడిపిన్రు?"

"గుట్టల మీద."

"గుట్టల మీద ఎందుకు నడిపిన్రమ్మా? గాలి ఎంత ఉంది?"

"గాలి ఏందీ?"

"బండి యాడుంది?"

"బండి లేదు. నా కాళ్ళకు," అని ఆమె కుడికాలు కొంచెం ముందుకు పెట్టింది. దస్తగిరి ఆ కాలును చూశాడు, ఆమె మొహం చూశాడు, మళ్ళీ టైరును చూశాడు. టైరు కోసుకుపోతే లోపల వేసే పాత టైరు ముక్కను ఈ ఊళ్ళో గేటరు అంటారు. స్కూటీ ఉన్న ప్రతివాడికీ తెలిసిన మాట. స్కూటీ లేని కల్పలతకు తెలియదు. ఆమె సిగ్గుతో వెనక్కి తిరగబోయింది.

"ఠైరో ఠైరో," అంటూ లోపలి నుంచి దస్తగిరి భార్య పీరాంబీ నవ్వుతూ బయటికి వచ్చింది. దుకాణంలో సగం ఆమెది. బండ్లకు సీటు కవర్లు కుడుతుంది. "టైర్లకు ఈయన వేస్తడు, కాళ్ళకు నేను వేస్త. మా నాయన శికారుకు, గదే వేటకు, పోయేటోళ్ళకు తోలుపట్టీలు కుట్టేటోడు. రా అక్కా, లోపలికి రా. మీరు అటు తిరుగున్రి!" అని భర్తను అదిలించింది. ఆయన బుద్ధిగా టైరు వైపు తిరిగాడు.

ఫోన్లో తెప్పించిన గేటరును పీరాంబీ చేతిలోకి తీసుకుని చూసి పెదవి విరిచింది. "ఇది గొట్టం లెక్క ఉంది. కాలు గొట్టమా? పల్లీల పొట్లం లెక్క ఉండాలె. పైన యెడల్పు, కిందికి సన్నం. ఫ్రీ సైజంటే ఎవ్వరికి పట్టనిదని అర్థం."

కల్పలత స్టూలు మీద కూర్చోబోతే ఆపింది. "కూసొని కొలిస్తే పిక్క సాగుతది, కొలత తప్పుతది. నిలబడు. నడిచేటప్పుడు వేసే ప్యాంటు గిదేనా? సాక్సు, బూటు సుత వేస్కున్నవా? ఇగ మంచిది."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మూడు చోట్ల కొలిచింది. మోకాలి కింద, పిక్క మీద, బూటు పై అంచు దగ్గర. రెండు కాళ్ళూ విడివిడిగా కొలిచింది. ఎడమ పిక్క పావు అంగుళం తక్కువని తేలింది. తన కాళ్ళ గురించి నలభై ఏడేళ్ళుగా తెలియని సంగతి అది. గుడ్డ చుట్టి, లోపలికి ఒక వేలు దూర్చి చూసింది. "ఒక వేలు దూరాలె, రెండు దూరొద్దు. రెండు దూరితే జారుతది, ఒకటి సుత దూరకపోతే రగతం ఆగుతది. బిగువుందా అక్కా? జెర చెప్పు. తక్లీఫ్ అయితే నోట్ల పెట్టుకోకు."

కల్పలత రోజూ ఎంతోమంది చేతులు పట్టుకుంటుంది. తనను ఎవరైనా పట్టుకుని చాలా కాలమైంది. పీరాంబీ అరచెయ్యి పిక్క మీద వెచ్చగా ఉంది. "లేదు, మంచిగుంది," అని ఆమె రెండో కాలు కూడా ముందుకు పెట్టింది.

శనివారం సాయంత్రానికి గేటర్లు తయారయ్యాయి. సీటు కవర్ల మందపాటి నల్లగుడ్డ, పైన ఎలాస్టిక్, పక్కన వెల్క్రో, బూటు తాడుకు తగిలించే కొక్కెం, అరికాలి కింద నుంచి ఒక పట్టీ. వేసుకుని ఆ సందులో అటూ ఇటూ నడిచి చూసింది. కాలికి చర్మంలా అతుక్కున్నాయి. "జారితే నా పేరు మార్చుకుంట," అంది పీరాంబీ.

ఆదివారం విష్ణువర్ధన్ వంగి, రెండు వేళ్ళు దూర్చబోయి, దూరక, "శభాష్" అన్నాడు. బస్సు రాచకొండ వైపు ఒక గుట్ట దగ్గర ఇవతలి పక్కన వాళ్ళను దింపి, చుట్టూ తిరిగి అవతలి పక్కకు వెళ్ళిపోయింది. వాళ్ళు గుట్టెక్కి అటు దిగాలి. కల్పలత వరసలో పన్నెండో మనిషి. ముందు మొగుడూ పెళ్ళాం ఇంటి రంగుల గురించి మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. వెనక ఇద్దరు కుర్రవాళ్ళ చెవుల్లో పాటలు. యాభై అడుగులయ్యాయి. వంద అయ్యాయి. గేటర్లు జారలేదు. ఐదు వందల అడుగులయ్యాక కూడా జారలేదు. ఆమెకు ఆగడానికి కారణం లేకుండా పోయింది.

అప్పుడు తెలిసింది ఆమెకు, పీరాంబీ ఎంత చక్కగా కుట్టిందో. అంత చక్కగా కుట్టకపోయినా బాగుండేది.

వెనక్కి తిరిగి చూసింది. రాఘవేందర్ దూరంగా కింద ఉన్నాడు. ఆయన ముందు మాధురి అని ఆ రోజే చేరిన ఒక బొద్దుపాటి అమ్మాయి పది అడుగులకొకసారి ఆగి రొప్పుతోంది. ఆమెకూ ఫ్రీ సైజు గేటర్లే. పిక్కల మీద మూతపడక తెరుచుకుపోతున్నాయి. కల్పలత కాసేపు నడిచింది. తర్వాత దారి పక్కన ఏనుగంత బండ ఒకటి కనిపిస్తే, దాని వెనక్కి వెళ్ళి కూర్చుంది. వెనకున్న కుర్రవాళ్ళు తలెత్తి చూడకుండా పోయారు. మిగతావాళ్ళు కూడా పోయారు. ఎల్వీ సార్ దగ్గరికి వచ్చాక, బూటులో రాయి పడింది సార్ అంటూ బయటికి వచ్చి, వాళ్ళతో కలిసి నడవాలని ఆమె ఆలోచన. ఆ రోజు తిన్నది పెసరట్టు. ఆ మాట నాలుక చివర సిద్ధంగా ఉంది.

అడుగుల చప్పుడు బండ దాకా వచ్చి ఆగింది. మాధురి ఆయాసం వినిపించింది. ఆ తర్వాత రాఘవేందర్ గొంతు.

"నిమ్మళంగ మేడం. బండి ఎటు పోదు. ఎక్కడుంటరు మీరు?"

"ఏఎస్ రావ్ నగర్, అంకుల్."

"అరే, గట్లనా! ఏం చేస్తరు?"

"సాఫ్ట్‌వేర్."

"అబ్బో! పొద్దుగాల ఏం తిని వచ్చిన్రు మరి?"

అవే మాటలు. అదే వరస. ఆ "అరే"లో సాగదీత కూడా అదే. కల్పలత లేవబోయినదల్లా అలాగే కూర్చుండిపోయింది. ఇందులో మోసం ఏమీ లేదని ఆమెకే బాగా తెలుసు. సూది గుచ్చే ముందు తను కూడా అందరినీ ఇలాగే అడుగుతుంది. ఏ ఊరు, ఏం పని, పిల్లలెందరు. వాళ్ళు జవాబు వెతుక్కునే లోపల సూది దిగిపోతుంది, నొప్పి తెలియదు. రోజుకు యాభై మంది చెబుతారు. ఒక్కరి ఊరూ ఆమెకు గుర్తుండదు. వాళ్ళలో ఎవరైనా ఇంటికి పోయి, నన్ను ఒకామె నా ఊరు అడిగిందని మురిసిపోయి ఉంటారా? ఏమో, ఉండొచ్చు. ఆ ఆలోచనకు ఆమెకు ఏడుపొచ్చింది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, వాళ్ళకు వినపడకుండా ఏడ్చింది. రాఘవేందర్, మాధురి బండ పక్క నుంచే దాటి పైకి పోయారు. తన వెనక ఒక మనిషి మిగిలిపోయిందని ఆయనకు ఎలా తెలుస్తుంది? ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆయన వెనక పట్టాలు తప్ప ఏమీ లేవు.

ఎంతసేపు కూర్చుందో ఆమెకు తెలియదు. ఎండ బండ మీది నుంచి ఒళ్ళోకి దిగింది. అప్పుడు గుట్ట పైన విజిల్ మోగింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. ఆఖరి మనిషి వచ్చేశాడు, బండి మొత్తం వచ్చేసింది, ఇక అటు దిగుదాం అని దాని అర్థం. చప్పట్లు వినిపించాయి. నవ్వులు వినిపించాయి. ఇరవై మందిలో ఒక్కరికి కూడా, పన్నెండో మనిషి ఏదీ అన్న అనుమానం రాలేదు. వాళ్ళు అటు దిగి బస్సెక్కితే సైనిక్‌పురి దాకా అడిగేవాళ్ళు ఉండరు. ఆమె ఫోను చూసింది. ఆ గుట్టల్లో సిగ్నల్ ఉంటుందని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, లేదు కూడా.

ఊరుకుంటే ఏమవుతుంది? ఏమీ కాదు. వచ్చిన దారినే దిగి, రోడ్డు మీద ఏదో ఒక బండి ఆపి, చీకటి పడేలోపు కాప్రా చేరవచ్చు. కాళ్ళకు మంచి గేటర్లున్నాయి, పాము భయం కూడా లేదు. వచ్చే ఆదివారం మానేస్తే ఎందుకు రాలేదని అడిగే మనిషి లేడు. అంతా సుళువు. ఆ సుళువు చూసే ఆమెకు భయం వేసింది. మనిషి ఇంత సుళువుగా తప్పిపోవచ్చునా అనుకుంది.

లేచి బండ ఎక్కి నిలబడింది. "సార్" అంది. అది ల్యాబులో నరం వెతికేటప్పటి గొంతు, పక్క కుర్చీకి కూడా వినపడదు. అరిచి ఎన్నేళ్ళయిందో. పొట్ట నిండా గాలి పీల్చుకుంది.

"ఆగున్రీ! నేను రాలే! నేనింకా రాలే!"

ఆ అరుపు రాళ్ళకు తగిలి ఆమె మీదికే తిరిగొచ్చింది. అంత పెద్ద గొంతు తనకుందని ఆమెకే తెలియదు. పైన నవ్వులు ఆగిపోయాయి. ఆ తర్వాత విష్ణువర్ధన్ గొంతు సన్నగా కిందికి వచ్చింది.

"ఎవరదీ?"

ఎనిమిది వారాలుగా వెంట నడుస్తున్న మనిషిని ఎవరని అడుగుతున్నాడు. కల్పలతకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే బండ దిగి, ముళ్ళను చూడకుండా, దారిని చూడకుండా, పైకి చకచకా నడవడం మొదలుపెట్టింది.

"కల్పలతను!" అని అరిచింది. "కాప్రా కల్పలతను!"

"ఎవరూ? వినబడలే!"

ఆమె ఈసారి ఇంకా గట్టిగా చెప్పింది.